నిదానమే లేని మరమ్మతు

తెలుగులో "నిదానం" అంటే నెమ్మది. "నిదానంగా పోనీ నాయనా" అని డ్రైవరుకు చెబుతాం. సంస్కృతంలో ఆ మాటకు మూలకారణమని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడమే నిదానం. మాధవకరుని గ్రంథానికి మాధవనిదానమని పేరు. అందులో చికిత్స లేదు. ఉన్నదంతా రోగాన్ని గుర్తుపట్టే విధానమే. ఒక గ్రంథం మొత్తాన్ని దానికే కేటాయించారంటే, మందు ఇవ్వడానికి ముందు జరగవలసిన పని ఎంత పెద్దదని పూర్వులు భావించారో ఊహించవచ్చు. నెమ్మదికీ కారణం వెదకడానికీ ఒకే మాట ఎలా కుదిరిందో భాషావేత్తలు చెప్పాలి. ఆ రెండర్థాలూ వేరు కావని నాకు మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, ఒక షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

నాకు 2014లో కొన్న చిన్న కారు ఒకటి ఉంది. మాది తెనాలి. 2023 ఆశ్వయుజంలో, దసరాకు ముందు, ఆ కారు ముందు ఎడమవైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. పెద్ద గోతిలో పడితే ఏ బండైనా అరుస్తుంది, అది వేరు. ఇది నెమ్మదిగా పోతూ చిన్న మిట్టపల్లాల మీద చక్రం ఎక్కి దిగినప్పుడు గోళీకి గోళీ తగిలినట్లు "టక్" మని ఒక్కటే చప్పుడు. మా ఆవిడ ముందు విన్నది. నేను విననట్లు నటించాను. నిజం చెప్పాలంటే కొన్నాళ్లు పాత పాటలు కాస్త గట్టిగా పెట్టుకుని నడిపాను. ముప్పై ఏళ్లు పిల్లలకు "తప్పు ఎక్కడ మొదలైందో అక్కడ దిద్దుకోండి" అని చెప్పిన మనిషి చేయవలసిన పని కాదది.

చివరకు ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి తీసుకుపోయాను. పేరు అనవసరం. అద్దాల గది, చల్లని గాలి, కాఫీ. ఒక యువకుడు బండిని ఒక చుట్టు తిప్పి వచ్చి, "స్టీరింగ్ రాక్ పోయింది సార్, మొత్తం యూనిట్ మార్చాలి" అన్నాడు. ముప్పైనాలుగు వేల పైచిలుకు అంచనా కాగితం చేతిలో పెట్టాడు. "ఎలా తెలిసింది నాయనా?" అని అడిగాను. "సౌండ్ వస్తోంది కద సార్" అన్నాడు. "ఆ పోయిన చోటు నాకు చూపించగలవా?" అన్నాను. కస్టమర్లను లోపలికి రానివ్వరట. చప్పుడు వస్తోందని చెప్పింది నేను. అదే మాట నాకు తిరిగి చెప్పి, దానికి ముప్పైనాలుగు వేలు ఖరీదు కట్టారు.

పింఛను మనిషికి ఆ మొత్తం చిన్నది కాదు. "సంక్రాంతి తర్వాత చూద్దాం" అనుకుని ఇంటికి వచ్చేశాను. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే.

కార్తీకంలో మేము శ్రీశైలం వెళ్లాం. నేను, మా ఆవిడ, కోడలు, ఏడేళ్ల మనుమడు. వినుకొండ దాటి దోర్నాల చేరి, అక్కడి నుంచి అడవిలో మలుపు తర్వాత మలుపు. చప్పుడు ఉంది. ఘాటులో వేగం తక్కువ కాబట్టి ఇంకా బాగా వినబడింది. మనుమడు దాన్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు. స్వామి దర్శనం చేసుకుని అదే దారిన దిగి వచ్చాం.

మార్గశిరంలో ఒక మిత్రుడు పట్టుబట్టి ఆటోనగర్ తీసుకుపోయాడు. ఆ మెకానిక్కుకు నలభై ఏళ్లుంటాయి. ఏడో తరగతితో చదువు ఆపేశాడట. బండి చూడగానే స్పానరు పట్టుకోలేదు. నా పక్కన కూర్చుని, కిటికీ అద్దం దించి, "ఆ ప్రహరీ గోడ పక్కనే పోనివ్వండి మాస్టారూ" అన్నాడు. చప్పుడు గోడకు తగిలి తిరిగి చెవికి స్పష్టంగా వస్తుందట. రెండుసార్లు అటూ ఇటూ నడిపించాడు. నిలబెట్టి స్టీరింగును ఇటొక అంగుళం అటొక అంగుళం కదిపించాడు. చప్పుడు రాలేదు. "రాక్ కాదండి" అన్నాడు. అప్పుడు జాకీ ఎత్తి, కింద స్టాండు వేసి, చక్రాన్ని కుడి ఎడమల పట్టి ఊపాడు. అలా ఊపితే టై రాడ్ ఎండ్లలోనూ రాక్‌లోనూ ఉన్న వదులు బయటపడుతుందట. గట్టిగానే ఉంది. తర్వాత పైనా కిందా పట్టి ఊపాడు. ఏదో లీలగా కదిలింది. చక్రం విప్పి, లోయర్ ఆర్మ్‌కూ చక్రం పట్టుకునే దిమ్మకూ మధ్య ఒక ఇనుప పలుగు దూర్చి, "ఇక్కడ చెయ్యి పెట్టండి మాస్టారూ" అన్నాడు. పలుగు ఎత్తినప్పుడల్లా నా వేళ్ల కింద "టక్" మన్నది. రెండు నెలలుగా నేను విన్న చప్పుడు అదే.

బాల్ జాయింటు అది. మన భుజం కీలు వంటిది: ఒక గిన్నె, అందులో ఒక గుండు, గుండుకు ఒక కాడ. మీద రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. చక్రం పైకీ కిందికీ ఊగుతూనే కుడికీ ఎడమకూ తిరగగలగడం దాని పుణ్యమే. నా కారులో ఆ తొడుగు ఎప్పుడో చిరిగింది. వాన నీరు, దుమ్ము లోపలికి పోయాయి, గ్రీజు బయటికి పోయింది. గుండు తుప్పు పట్టి గిన్నె అరిగింది. విప్పి నా చేతిలో పెట్టాడు. వేలితో కదిపితే పాలపన్నులా ఊగుతోంది.

"ఊడిపోతే ఏమవుతుంది?" అని అడిగాను.

"చక్రం పక్కకు పడుకుంటదండి. స్టీరింగు తిప్పినా వినదు" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఎక్కడికైనా దూరం వెళ్లారా ఈ మధ్య?" అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు.

కొత్త ఆర్మ్, కూలి, ఆపైన వీల్ ఎలైన్‌మెంటు, అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. డబ్బు మిగిలిందన్న సంతోషం కంటే వేరే ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు. తప్పుడు నిదానం వల్ల నష్టం జేబుకేనని మనం అనుకుంటాం. అనవసరమైన భాగం మార్చారు, డబ్బు పోయింది, అంతే కదా అని. నా విషయంలో డబ్బు పోలేదు. ఆ పెద్ద అంకె నన్ను భయపెట్టి ఇంటికి పంపింది. అసలు జబ్బు బండిలోనే ఉండిపోయింది. "బాల్ జాయింటు, మూడు వేలు, ఈ రోజే చేయించండి" అని ఆ యువకుడు అని ఉంటే ఆ మధ్యాహ్నమే చేయించి ఉండేవాణ్ణి. స్టీరింగు, సస్పెన్షను విషయంలో తప్పు నిదానానికి నా ఆరోపణ ఇదే: అది మనిషిని మోసగించడంతో ఆగదు, ప్రమాదాన్ని వాయిదా వేయిస్తుంది.

ఇందులో ఆ యువకుణ్ణి ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు. అతనికి కాలం లేదు. రోజుకు ఇన్ని బండ్లని లెక్క. కీలు విప్పి చూడడానికి పట్టే గంట బిల్లులో ఎక్కడా చేరదు. మార్చిన భాగం చేరుతుంది. వైద్యుడు నాడి చూసినందుకు ఏమీ పుచ్చుకోకూడదు, మందుల మీదనే బతకాలి అంటే ఎలా ఉంటుందో అలా ఉంది ఈ ఏర్పాటు. బాగుచేయడం పోయి భాగాలు మార్చడం మిగిలింది.

మాధవకరుడు వంటి వారు నిదానానికి ఐదు అంగాలు చెప్పారు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. పూర్వరూపమంటే జబ్బు పూర్తిగా తేలకముందు కనిపించే ఆనవాళ్లు. కారులో పూర్వరూపాలు చాలా ఉంటాయి. టైరు అరుగుదలే ఒక భాష. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒకే అంచు నున్నగా అరిగితే చక్రం నిలువుగా నిలబడడం లేదని అనుమానించాలి. క్యాంబరు అంటారు దాన్ని. టైరు మీద అరచేయి అడ్డంగా రాస్తే ఒకవైపు నున్నగా, తిరుగు దిశలో రంపపు పళ్లలా తగిలితే ముందు చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా లేవు. అక్కడక్కడా గిన్నెలు తొలిచినట్లు పల్లాలు పడితే షాక్ అబ్జార్బర్లు చక్రాన్ని నేలకు అదిమి పట్టలేకపోతున్నాయి. ఇదంతా చదవడానికి వంగి చూసే నడుము ఉంటే చాలు, యంత్రమేమీ అక్కరలేదు.

ఇక చప్పుళ్లు. ఏ చప్పుడు ఎప్పుడు వస్తుందన్నదే ముఖ్యం. మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు వరుసగా కటకటమంటే అది సస్పెన్షను కాదు, చక్రానికి శక్తినిచ్చే ఇరుసు చివరి కీలు. వేగంతో పాటు పెరుగుతూ తుమ్మెద రొద లాంటిది వినిపిస్తే చక్రం బేరింగు. చిన్న గతుకుల మీద డొక్కు డొక్కుమంటే ముందుగా చూడవలసింది లింకు రాడ్లు, రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు. ఎనభై, వంద కిలోమీటర్ల వేగంలో స్టీరింగు వణికి, వేగం తగ్గగానే ఆగిపోతే చాలాసార్లు అది చక్రాల బ్యాలెన్సింగు మాత్రమే. బండి ఒకవైపు లాగుతుంటే సస్పెన్షను జోలికి పోయే ముందు టైర్లలో గాలి సరిచూడాలి; తర్వాత ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి చూడాలి. లాగుడు దిశ మారితే దోషం టైరుది. ఆయుర్వేదంలో ఉపశయమంటే ఇదే: చిన్న ఉపచారం చేసి, దానికి రోగం ఎలా స్పందించిందో చూసి కారణం తేల్చుకోవడం.

వీల్ ఎలైన్‌మెంటు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా మోసపోయేది అక్కడే. రంగుల తెర మీద ఎర్ర అంకెలు పచ్చగా మారడం చూసి సంతోషించి వస్తాం. కీళ్లలో వదులు ఉంటే ఆ అంకెలకు అర్థం లేదు. బండి యంత్రం మీద నుంచి దిగి మొదటి గతుకు తగలగానే చక్రం మళ్లీ తన ఇష్టం వచ్చిన కోణానికి పోతుంది. ముందు కీళ్లు, తర్వాత కొలతలు. కీళ్లు పరీక్షించకుండా ఎలైన్‌మెంటు చేయడం కదిలే బల్ల మీద అక్షరాలు దిద్దించడం వంటిది. అలాగే టై రాడ్ ఎండు గాని లోయర్ ఆర్మ్ గాని మార్చిన తర్వాత ఎలైన్‌మెంటు చేయించకపోవడమూ తప్పే. కొన్ని వేల కిలోమీటర్లలో కొత్త టైరు అంచు మాయమవుతుంది.

చక్రాల కోణాల శాస్త్రం మోటారు కంటే పాతదని చాలామందికి తెలియదు. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలోనూ, బయటి చక్రం పెద్ద వృత్తంలోనూ తిరుగుతాయి కాబట్టి లోపలిది ఎక్కువ మళ్లాలి. దీనికి తగిన లంకెల ఏర్పాటును మ్యూనిక్ నగరంలో గుర్రపు బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్ ఆలోచించాడు. 1818లో ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నవాడు అకర్‌మన్. పేరు అకర్‌మన్‌కు మిగిలింది. సాహిత్యంలోనూ ఇలాంటివి జరుగుతుంటాయి, వదిలేద్దాం.

మన ఎడ్లబండికి ఇన్ని కోణాలు లేవు గాని కడచీల ఉండేది. ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా అడ్డంగా దిగేసే ఇనుప మేకు అది. బండి కట్టే ముందు కడచీల తడిమి చూడని రైతును నేను చిన్నప్పుడు చూడలేదు. దశరథుని రథానికి చీల ఊడితే కైకేయి తన వేలు అడ్డుపెట్టిందని జనం చెప్పుకునే కథ ఉంది. వాల్మీకంలో వేలు ప్రస్తావన లేదు. యుద్ధంలో మూర్ఛపోయిన భర్తను ఆమె రణభూమి నుంచి తప్పించి కాపాడిందనే ఉంది. ఐనా జనం ఆ వేలును కల్పించుకున్నారంటే, రథమెంత గొప్పదైనా అది నిలిచేది వేలెడంత ఇనుప ముక్క మీదనని వాళ్లకు తెలుసు. మనకు ఆ సంగతి మరపుకు వచ్చింది. కొత్త కారుకు సీటు కవర్లు, పాటల పెట్టె, పైన మెరుగు పూత, వీటికి వేలు వెచ్చించేవారిలో ఎందరు తమ బండి కింద ఏముందో ఒక్కసారైనా చూశారు? పాత అంబాసిడర్ల రోజుల్లో సర్వీసు అంటే గ్రీజు గన్ను పట్టుకుని కీలు కీలుకూ గ్రీజు ఎక్కించడమే. ఆ పనికి బండి కిందకు దూరక తప్పేది కాదు, దూరితే చిరిగినదీ వదులైనదీ కంటబడక తప్పేది కాదు. ఇప్పటి కీళ్లకు గ్రీజు లోపలే పెట్టి మూసేస్తున్నారు. సౌకర్యమే. ఐతే కిందకు దూరే పని పోవడంతో చూసే పని కూడా పోయింది. పైగా పవర్ స్టీరింగు వచ్చాక చక్రం చేతికి చెప్పే కబుర్లు సగానికి సగం తగ్గాయి.

చట్టమూ చూడమనడం లేదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకొకసారి పొడిగించుకునేటప్పుడే పరీక్ష. నడుమ మనల్ని అడిగేది పొగ పత్రం, బీమా పత్రం. పొగ గొట్టంలో గొట్టం పెట్టి చూస్తారు. మంచిదే. దానికి కొంచెం ముందున్న కీలును 15 ఏళ్లపాటు ఎవరూ చూడనక్కరలేదట! మా మేనల్లుడు బ్రిటన్‌లో ఉంటాడు. అక్కడ కారుకు మూడేళ్లు నిండితే ఏటా పరీక్ష తప్పదు. స్టీరింగు, సస్పెన్షను కీళ్లు అందులో భాగం. జపానులో మొదట మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకొకసారి. మా వాడి పాత కారు బండి పరీక్షలో నెగ్గినా, ఫలానా బుష్షు కొద్దిగా పగిలింది, గమనించుకోండి అని కాగితం మీద వ్రాసి ఇచ్చారట. పూర్వరూపాన్ని వ్రాసి చేతికివ్వడమది.

మన దగ్గరా ఇలాంటిది రావాలని నేనంటే, అది బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గర ఇంకొక ముద్రగా మారుతుందని మిత్రులు నవ్వారు. కావచ్చు. అందుకని నేను ముందుగా కోరేది చట్టం కాదు. ఏ సర్వీసు కేంద్రమైనా, ఏ షెడ్డైనా, ఒక భాగం మార్చమని చెబితే ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చిందో ఒక వాక్యం కాగితం మీద వ్రాయాలి. "ఎడమ బాల్ జాయింటు, పలుగుతో ఎత్తితే వదులు కనిపించింది" అని. అంతే. తీసేసిన పాత భాగం యజమాని చేతికివ్వాలి. నిదానానికి విడిగా రుసుము అడిగితే మనం సణక్కుండా ఇవ్వాలి. ఆటోనగర్ అతను దానికి ఏమీ తీసుకోలేదు. నేను బలవంతంగా ఇచ్చిన మూడు వందలు మొహమాటంగా జేబులో పెట్టుకున్నాడు.

ఆటోనగర్‌ను ఆకాశానికి ఎత్తే ఉద్దేశం నాకు లేదు. అదే వరుసలో నాలుగు షెడ్ల అవతల ఒకడు పాత ఆర్మ్‌లోనుంచి బుష్షును సుత్తితో బాది ఊడగొడుతున్నాడు. నకిలీ భాగాలు అసలు పెట్టెల్లో అమ్ముతారు. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి చక్రాల మీద నిలిచి బరువు పడిన తర్వాతే చివరి బిగింపు బిగించాలని, గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందని మా మెకానిక్కు చెప్పాడు. అలా చేసేవారు ఆ వరుసలో ఎందరో నాకు అనుమానమే. షాక్ అబ్జార్బర్లు ఒకవైపు పోతే రెండూ మార్చాలి. ఈ మాట పెద్ద కేంద్రంవాళ్లు చెబితే అది దోపిడి కాదు, నిజమే. ఇవన్నీ చదివి ఎవరైనా ఇంట్లో సొంతంగా స్ప్రింగు విప్పబోతారేమోనని భయం. వద్దు. అదిమి ఉన్న స్ప్రింగు తుపాకీతో సమానం. ఉత్త జాకీ మీద నిలిచిన బండి కింద తల పెట్టవద్దు.

మన రోడ్ల సంగతి వ్రాస్తే వ్యాసం ముగియదు. స్పీడు బ్రేకరుకు కూడా కొలతలున్నాయి: 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మా వీధి చివర కాలనీవాళ్లు పోసుకున్న దాని ఎత్తు జానెడు, వెడల్పు మూరెడు. పొలం గట్టును తెచ్చి రోడ్డు మీద పెట్టినట్లుంటుంది. రోజుకు నాలుగుసార్లు దాన్ని ఎక్కి దిగే కీలు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆ పాత బాల్ జాయింటు ఇప్పుడు నా వ్రాతబల్ల మీద కాగితాలు ఎగరకుండా ఉంది. మనుమడు వచ్చినప్పుడల్లా దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. "తాతయ్యా, శ్రీశైలంలో లెక్కపెట్టింది దీన్నే కదూ?" అంటాడు. కుడివైపు దాని తొడుగు అప్పటికి బాగానే ఉందని మెకానిక్కు చెప్పాడు. అది చెప్పి చాలా కాలమైంది. ఈ వారం వెళ్లి చూపించుకు రావాలి.